ఇంట్లో పై (pie) క్రస్ట్: పొరలు ఎలా వస్తాయి, ఎందుకు పోతాయి

జంతికలైనా కజ్జికాయలైనా గుల్లగా రావాలంటే పిండిలో కాగిన నూనె పోసి కలుపుతాం. ఆ నూనె పిండి రేణువులన్నిటికీ పట్టేస్తుంది. తర్వాత నీళ్లు పోసినా పిండిలో సాగుడు పెద్దగా పుట్టదు. అందుకే కొరికితే కరకరమని విరిగి పొడి అవుతుంది. పై అంటే పండ్లో కూరో లోపల పెట్టి ఓవెన్‌లో కాల్చే వంటకం, లోపలి ఫిల్లింగ్‌ని పట్టి ఉంచే పిండి పెంకే దాని క్రస్ట్. పై క్రస్ట్‌కి కావాల్సింది ఆ గుల్లదనం కాదు. యాపిల్ పైని కోస్తే అంచు దగ్గర పలచటి రేకులు ఒకదాని మీద ఒకటి విడివిడిగా కనిపించాలి. అలా రావాలంటే బటర్ పిండిలో కరిగి కలిసిపోకూడదు. ఓవెన్‌లోకి వెళ్లేదాకా ముక్కలుగానే మిగలాలి. బటర్ చల్లగా ఉంచమన్నా, నీళ్లు తక్కువ పోయమన్నా, పిండిని ఎక్కువ ముట్టుకోవద్దన్నా అన్నీ ఇందుకే.

పిండిలో ముక్కగా ఉన్న బటర్, అప్పడాల కర్ర కింద నలిగి పలచటి బిళ్ల అవుతుంది. దానికి కిందా మీదా పిండి పొర ఉంటుంది. ఓవెన్‌లో ముందు కొవ్వు కరుగుతుంది, ఆ వెంటనే బటర్‌లోనూ పిండిలోనూ ఉన్న నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. ఆ ఆవిరి పొరను పైకి లేపుతుంది, కరిగిన కొవ్వు రెండు పొరలూ అతుక్కోకుండా చూస్తుంది, ఈలోగా పిండి కాలి బిగుస్తుంది. బటర్ గిన్నెలోనే కరిగితే మైదా దాన్ని పీల్చేసుకుంటుంది. అప్పుడు వచ్చేది బిస్కెట్. తినడానికి బాగానే ఉంటుంది గానీ పొరలుండవు.

బేకరీల్లో అమ్మే ఎగ్ పఫ్ కూడా ఆవిరితోనే పొంగుతుంది. కానీ అక్కడ పిండి మధ్యలో కొవ్వును పలకలా పరిచి, మడతలు వేస్తూ మళ్లీ మళ్లీ ఒత్తుతారు. దానికి ఎండలోనూ గట్టిగా నిలిచే పఫ్ మార్జరిన్ వాడతారు. పై క్రస్ట్‌కి అంత శ్రమ అక్కర్లేదు. ఇక్కడ కొవ్వు చెదురుమదురుగా ఉంటుంది కాబట్టి రేకులూ అలాగే వస్తాయి. పఫ్‌లా పొంగలేదని బెంగ వద్దు, అంత పొంగితే లోపలి ఫిల్లింగ్ నిలవదు.

కొలతలు

9 అంగుళాల (23 సెం.మీ.) పళ్లేనికి అడుగు పొర, మీది పొర రెండూ వచ్చేలా:

మైదా 300 గ్రాములు
ఉప్పు లేని బటర్ 200 గ్రాములు
మెత్తటి ఉప్పు 5 గ్రాములు (టీస్పూన్‌కి కాస్త తక్కువ)
పంచదార 12 గ్రాములు (ఒక టేబుల్ స్పూన్). కూర పైలకు ఇది మానేయండి
ఐస్ నీళ్లు 75 నుంచి 90 మి.లీ. (5–6 టేబుల్ స్పూన్లు; కింద నీళ్ల లెక్కలో చెంచా అన్నా టేబుల్ స్పూనే)

అడుగు పొర ఒక్కటే చాలనుకుంటే అన్నీ సరిగ్గా సగం. పాతకాలం నుంచీ చెప్పే లెక్క బరువులో 3 పాళ్లు పిండి, 2 పాళ్లు కొవ్వు, ఒక పాలు నీళ్లు. ఇక్కడ నీళ్లు 100కి బదులు 75తో మొదలుపెట్టమనడానికి కారణం, 200 గ్రాముల బటర్‌లోనే సుమారు 30 మి.లీ. నీళ్లు ఉంటాయి.

కప్పులతో కొలవకండి. అదే కప్పులో మైదాను వదులుగా పోస్తే 120 గ్రాములు, గరిటెతో కుక్కితే 150 దాటుతుంది. ఆ తేడా చాలు క్రస్ట్ ఎండిపోయి పగలడానికి. ఇంత బేకింగ్ సామాను కొనే బదులు ముందు ఒక చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి.

మైదా ప్యాకెట్ వెనక ప్రొటీన్ 100 గ్రాములకు 10–11 గ్రాములు ఉంటే సరిగ్గా సరిపోతుంది. బ్రెడ్ కోసం అమ్మే పిండి 12 దాటి ఉంటుంది, అది వద్దు. ప్రొటీన్ ఎక్కువైతే గ్లూటెన్ (తడిపి పిసికితే పిండిలో అల్లుకునే సాగే వల) ఎక్కువ, గ్లూటెన్ ఎక్కువైతే క్రస్ట్ సాగుతుంది, ఒత్తితే వెనక్కి ముడుచుకుంటుంది, కాలాక గట్టిపడుతుంది. మీ మైదా గట్టిదనిపిస్తే 300లో 30 గ్రాములు తీసేసి అంతే కార్న్‌ఫ్లోర్ కలపండి. గోధుమపిండి రుచి కావాలంటే 75 గ్రాముల దాకా మైదా బదులు వేసుకోవచ్చు, నీళ్లు మరో చెంచా పడతాయి. మొత్తం చపాతీ పిండితోనే చేస్తే మాత్రం పొరల మీద ఆశ వదులుకోవాల్సిందే. అమెరికాలో ఉన్నవాళ్లకు: కింగ్ ఆర్థర్ ఆల్ పర్పస్ పిండిలో ప్రొటీన్ 11.7 శాతం, కాబట్టి దాన్ని ఇంకాస్త తేలికచేత్తో కలపాలి. అక్కడి బటర్ స్టిక్ ఒక్కోటి 113 గ్రాములు, 200 గ్రాములంటే ఒకటీ ముప్పావు స్టిక్.

ఏ కొవ్వు?

రుచికి బటర్‌ను మించింది లేదు. అమూల్ ఉప్పు లేని బటర్ 100 గ్రాముల ప్యాకెట్లు రెండు ఈ కొలతకు సరిపోతాయి. పసుపు రంగులో, ఉప్పుతో వచ్చే మామూలు బటరే ఇంట్లో ఉంటే అదీ పనికొస్తుంది, పిండిలో వేసే ఉప్పు పూర్తిగా మానేయండి.

మీగడ చిలికి తీసిన ఇంటి వెన్నతో చేయాలని చాలామంది చూస్తారు. దాంట్లో మజ్జిగ మిగిలి ఉంటుంది, కొన్న బటర్ కన్నా నీళ్లెక్కువ, పైగా త్వరగా మెత్తబడుతుంది. తప్పదంటే ఐస్ నీళ్లలో రెండు మూడు సార్లు కడిగి, గట్టిగా పిండి, దిమ్మలా చేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి వాడండి. పిండిలో పోసే నీళ్లు తగ్గించండి.

నెయ్యి వద్దు. నెయ్యిలో నీరు ఉండదు కాబట్టి దాని వల్ల పుట్టే ఆవిరి లేదు. గది వేడికే మెత్తబడి మైదాలోకి ఇంకిపోతుంది. నంకటాయి లాంటి పొడిపొడి క్రస్ట్ వస్తుంది. అడుగు పొరకు కావాలంటే అది కూడా ఒక పద్ధతే గానీ ఈ వంట కాదు.

డాల్డా మీద చాలామందికి చిన్నచూపు ఉంది, రుచి విషయంలో అది న్యాయమే. చల్లారాక అంగిట్లో జిడ్డుగా అంటుకుంటుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో అది ఆదుకుంటుంది. బటర్ 32–35 డిగ్రీలకే కరిగిపోతుంది, డాల్డా అంతకంటే ఎక్కువ వేడికి నిలుస్తుంది. ఎండాకాలంలో 140 గ్రాముల బటర్, 60 గ్రాముల డాల్డా కలిపి వాడితే రుచీ పోదు, చేతిలో పిండీ జారదు. డాల్డాలో నీళ్లుండవు కాబట్టి ఐస్ నీళ్లు ఒక చెంచా ఎక్కువ పట్టొచ్చు.

వంటింటి వేడి

ఈ పైల వంటలు ఎక్కువగా చలిదేశాల వంటింట్లో పుట్టినవే. అక్కడి పుస్తకాల్లో గది వేడి అంటే 20–22 డిగ్రీలు. విజయవాడలోనో కరీంనగర్‌లోనో మే నెల మధ్యాహ్నం వంటగదిలో 38 డిగ్రీలుంటే, ఆ పుస్తకంలో రాసిన సమయాలేవీ పనిచేయవు. ఒత్తేటప్పుడు బటర్ 15–18 డిగ్రీల దగ్గర ఉండాలి: వంచితే వంగాలి, వేలికి అంటకూడదు. 20 దాటితే మెత్తబడటం మొదలు.

కాబట్టి పని తెల్లవారుజామున పెట్టుకోండి, లేదా ఏసీ ఉన్న గదిలోకి సామాను తెచ్చుకోండి. పొయ్యి, ఓవెన్ పిండి కలిపేటప్పుడు వెలిగి ఉండకూడదు. గ్రానైట్ గట్టు చల్లగా ఉంటుందని అనుకుంటాం గానీ ఎండాకాలంలో అదే వేడిని పట్టి ఉంచుతుంది. ఒత్తడానికి పావుగంట ముందు పెద్ద స్టీలు పళ్లెంలో ఐస్ ముక్కలు పోసి గట్టు మీద పెట్టి, తర్వాత తడి లేకుండా తుడవండి. మైదా, గిన్నె, అప్పడాల కర్ర అన్నీ అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. పని మధ్యలో పిండి మెరుస్తూ జిడ్డుగా కనిపించిందంటే అక్కడే ఆపి, గిన్నెతో సహా ఫ్రిజ్‌లో 15 నిమిషాలు పెట్టేయండి. ఇంకొంచెమేగా అని ముందుకెళ్లడం వల్లే ఎక్కువ క్రస్ట్‌లు పాడవుతాయి.

కలపడం

బటర్‌ను ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలుగా కోసి, పళ్లెంలో విడివిడిగా పరిచి 15 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచండి. మరీ రాయిలా అయితే ఒత్తేటప్పుడు నలగక పిండిని చించుతుంది. మైదాలో ఉప్పు, పంచదార కలిపి, ముక్కలన్నీ వేసి పిండిలో పొర్లించండి. తర్వాత ఒక్కో ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నొక్కి వదిలేయండి. వేలి కొనలతోనే పని, అరచేయి తగిలితే బటర్ కరుగుతుంది. అన్నీ నొక్కాక గుప్పెడు పిండి తీసి వేళ్ల సందుల్లోంచి రాలుస్తూ నాలుగైదు సార్లు నలపండి.

ఎక్కడ ఆపాలి? సగం బటర్ ఉప్మా రవ్వలా కలిసి, మిగతా సగం బఠాణీ గింజ నుంచి కాబూలీ శనగ గింజ దాకా ఉన్న చప్పిడి బిళ్లలుగా కనిపించినప్పుడు. రవ్వలా కలిసిన కొవ్వు క్రస్ట్‌ను మెత్తగా, గుల్లగా చేస్తుంది. బిళ్లలు రేకుల్ని ఇస్తాయి. రెండూ కావాలి. అంతా రవ్వ అయిపోతే రేకులు పోతాయి. బిళ్లలు మరీ పెద్దవైతే కరిగినచోట బొక్కలు పడి, ఆ బటర్ పళ్లెంలోకి కారుతుంది. రసం ఎక్కువున్న పండ్ల పై చేస్తున్నప్పుడు అడుగు పొర పిండిని కాస్త ఎక్కువ నలిపి, మీది పొరలో పెద్ద ముక్కలు ఉంచడం మంచి పద్ధతి. ఎక్కువ నలిపిన పిండి రసాన్ని త్వరగా పీల్చదు.

చేతులు వేడిగా ఉండేవాళ్లకు తేలిక దారి ఇంకోటుంది. బటర్ దిమ్మను గంటసేపు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, క్యారెట్ తురిమే తురుముపీట పెద్ద కన్నాల వైపు నేరుగా మైదాలోకి తురిమి, ఫోర్కుతో కలిపేయడమే. తురుము పలచగా ఉంటుంది కాబట్టి ఇక నొక్కే పని లేదు. రేకులు కొంచెం చిన్నవి వస్తాయి, అంతే. మిక్సీ మాత్రం వద్దు. మన మిక్సీ జార్ అడుగు ఇరుకు, బ్లేడ్ వేగం ఎక్కువ, రెండు తిప్పులకే బటర్ పేస్టవుతుంది. వెడల్పాటి ఫుడ్ ప్రాసెసర్ ఉంటే ఒక్కో సెకను చొప్పున ఆరేడు సార్లు తిప్పి ఆపండి, నీళ్లు మాత్రం గిన్నెలోకి తీసి చేత్తోనే కలపండి.

నీళ్లు

పై క్రస్ట్ తేడా కొట్టేది ఎక్కువగా ఇక్కడే. చపాతీ పిండికి నీళ్లు పోసి, ముద్దయ్యాక బాగా పిసికి, మెత్తగా సాగేలా చేయడం మన చేతికి అలవాటు. ఆ అలవాటును ఈ గిన్నె దగ్గరికి రానివ్వకండి. మైదాలోని రెండు రకాల ప్రొటీన్లు నీళ్లు తగిలి, పిసుకుడు తోడై, గ్లూటెన్ అనే సాగే వలలా అల్లుకుంటాయి. చపాతీకి అదే బలం. ఇక్కడ పొరలు చిరగకుండా నిలవడానికి కొంచెం ఉంటే చాలు.

ఐస్ ముక్కలు వేసిన నీళ్లలోంచి కొలిచి తీసుకోండి. ముందు 4 టేబుల్ స్పూన్లు పిండి మీద అంతటా చిలకరించి, ఫోర్కుతో అడుగు నుంచి పైకి తిరగేస్తూ కలపండి. తర్వాత ఒక్కో చెంచా, పొడిగా ఉన్న చోటే చూసి వేయండి. 5 చెంచాలు దాటాక ప్రతిసారీ పరీక్షించండి. గుప్పెడు తీసి పిడికిలి బిగించి తెరవండి: ముద్ద నిలవాలి. దాన్ని రెండుగా విరవండి: అంచులు కాస్త పొడిగా చెదురుతూ విరగాలి. అసలు నిలవకుండా రాలితే ఇంకో చెంచా కావాలి. సాగుతూ విడిపోతే, వేలికి అంటితే నీళ్లెక్కువయ్యాయి. ఎక్కువైన నీటిని మైదా చల్లి సరిచేయబోతే బాగుపడదు, గట్టిపడుతుంది. అలాంటి పిండిని ఎక్కువసేపు ఫ్రిజ్‌లో పడుకోబెట్టి, ఒత్తేటప్పుడు పొడి పిండితో లాక్కురావాలి.

వానాకాలంలో మైదా తేమ పట్టి ఉంటే 5 చెంచాలకే సరిపోవచ్చు, ఎండాకాలంలో కొత్త ప్యాకెట్ 6 దాటొచ్చు. కొలత కంటే పిడికిలినే నమ్మండి.

ఒక చెంచా వెనిగర్ వేస్తే క్రస్ట్ మెత్తబడుతుందని చాలా వంటల్లో రాస్తారు. అంత కొంచెంతో గ్లూటెన్ మీద పెద్ద ప్రభావం ఉండదు. పిండి రెండ్రోజులు నిల్వ పెడితే నల్లబడటం కాస్త తగ్గుతుంది, అంతవరకే. వోడ్కా సంగతి వేరు. 2007లో ఒక అమెరికన్ వంట పత్రిక నీళ్లలో సగం బదులు వోడ్కా పోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. వోడ్కాలో 40 శాతం ఆల్కహాల్, అందులో గ్లూటెన్ ఏర్పడదు. పిండి తడిగా, ఒత్తడానికి సులువుగా ఉండి కూడా గట్టిపడదు. ఆల్కహాల్ చాలామటుకు ఓవెన్‌లో ఆవిరైపోతుంది. పని చేసే చిట్కాయే గానీ, చేయి కుదిరితే దాని అవసరం రాదు.

పొడిపొడిగా ఉన్న పిండిని ఒక ప్లాస్టిక్ షీట్ మీద పోసి, షీటు అంచులతోనే దగ్గరికి నొక్కండి. తర్వాత ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వేసి, అడ్డంగా తిప్పి ఇంకోసారి మూడు మడతలు వేయండి. ఈ రెండు మడతల వల్ల బటర్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి వచ్చి, పిసకకుండానే పిండి కలిసివస్తుంది. రెండు భాగాలు చేసి (అడుగుకు కాస్త పెద్దది), రెండున్నర సెంటీమీటర్ల మందం బిళ్లలుగా నొక్కి, గాలి చొరకుండా చుట్టండి. ఈ దశలో కోసి చూస్తే పసుపు చారలు, మచ్చలు కనిపించాలి. అంతా ఒకే రంగులో ఉంటే బటర్ కరిగి కలిసిపోయిందన్నమాట.

ఫ్రిజ్‌లో కనీసం 2 గంటలు. ఆ టైములో నీళ్లు పిండి అంతటా సమంగా పాకుతాయి, గ్లూటెన్ సడలుతుంది, బటర్ మళ్లీ గట్టిపడుతుంది. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. రెండు రోజుల దాకా ఫ్రిజ్‌లో, మూడు నెలల దాకా ఫ్రీజర్‌లో ఉంటుంది.

ఒత్తడం, పళ్లేనికి పరచడం

చపాతీ పీట సరిపోదు. 9 అంగుళాల పళ్లేనికి 12–13 అంగుళాల రొట్టె కావాలి, గట్టు మీదే ఒత్తండి. కొనల దగ్గర సన్నబడే కర్ర కన్నా, అంతా ఒకే లావున్న కర్ర మేలు. చలికాలంలో పిండి బిళ్లను బయట పది నిమిషాలు ఉంచాలి, ఎండాకాలంలో రెండు మూడు నిమిషాలు చాలు. నొక్కితే వేలిముద్ర పడాలి, కానీ వేలు దిగబడకూడదు.

మధ్య నుంచి అంచుకు ఒత్తుతూ, అంచుకు అర అంగుళం ముందే కర్ర ఎత్తేయండి. ప్రతి రెండు మూడు ఒత్తులకూ పిండిని పావు వంతు తిప్పండి. తిరగడం మానేసిందంటే కింద అంటుకుంటోందని అర్థం, కొంచెం పొడి మైదా చల్లండి. మందం 3 మిల్లీమీటర్లు. అంచులు పగిలితే వేళ్లతో దగ్గరికి నొక్కి ఒత్తుకోండి. ముక్కలు ముక్కలుగా పగులుతుంటే పిండి మరీ చల్లగా ఉంది, లేదా నీళ్లు తక్కువయ్యాయి.

రొట్టెను కర్రకు చుట్టి పళ్లెం మీద విప్పండి. అంచును ఒక చేత్తో ఎత్తి పట్టి, ఇంకో చేత్తో మూల దాకా జార్చండి. ఎక్కడా లాగకండి. లాగి సరిపెట్టిన ప్రతి అంగుళాన్నీ ఓవెన్‌లో అది తిరిగి వెనక్కి లాక్కుంటుంది, గోడలు జారేది అందుకే. బయటికి వేలాడే భాగాన్ని ఒక అంగుళం ఉంచి కత్తిరించి, కిందికి మడిచి, అంచును అల్లుకోండి. కజ్జికాయ అంచు మడవడం తెలిసిన చేతికి ఇది నేర్పక్కర్లేదు, అదే పద్ధతి. మళ్లీ అరగంట ఫ్రిజ్‌లో.

పళ్లెం ఏదైతే బాగుంటుందంటే, అడుగు బాగా కాలేది పలచటి అల్యూమినియంలో. గాజు పళ్లెంలో అడుగు రంగు కింద నుంచి చూసుకోవచ్చు. కానీ ఫ్రీజర్‌లోంచి తీసిన గాజును నేరుగా వేడి ఓవెన్‌లో పెడితే పగిలే ప్రమాదం ఉంది. పింగాణీ అందంగా ఉంటుంది, నెమ్మదిగా వేడెక్కుతుంది.

ముందుగా కాల్చుకోవడం

ఫిల్లింగ్ పచ్చిగా, నీళ్లగా ఉండే పైలకు (గుమ్మడికాయ పై, గుడ్ల మిశ్రమంతో చేసే కీష్, లెమన్ పై) అడుగు పొరను విడిగా కాల్చాలి. క్రస్ట్ మీద బేకింగ్ పేపర్ గానీ ఫాయిల్ గానీ మూలల్లోకి బాగా ఒదిగేలా పరిచి, రాజ్మా గానీ శనగలు గానీ అంచు దాకా నింపండి. గుప్పెడు పోస్తే సరిపోదు, గోడలకు ఆసరా ఉండాలి. ఆ గింజలు మళ్లీ ఉడకవు, డబ్బాలో దాచి ఇదే పనికి వాడుకోండి. గింజల బదులు పంచదార పోసి కాల్చడం ఇంకో మంచి ఉపాయం. బరువు సమంగా పడుతుంది, తర్వాత ఆ పంచదారను టీలోకి వాడుకోవచ్చు.

200 డిగ్రీల (ఇక్కడ డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే) దగ్గర 20–25 నిమిషాలు, అంచు లేత బంగారు రంగుకు తిరిగేదాకా. గింజలు తీసి, అడుగున ఫోర్కుతో చిన్నగా గుచ్చి, ఫిల్లింగ్‌తో మళ్లీ ఓవెన్‌లోకి వెళ్లేదైతే 8–10 నిమిషాలు, మళ్లీ కాల్చనిదైతే మొత్తం రంగు తిరిగేదాకా 15 నిమిషాలు. కస్టర్డ్ పోసేముందు కొట్టిన గుడ్డు పలచగా పూసి రెండు నిమిషాలు కాలిస్తే గుచ్చిన కన్నాలు మూసుకుపోతాయి.

ఓవెన్

పొరలు లేవాలంటే తొలి పావుగంట బాగా వేడి కావాలి. మీది పొరున్న యాపిల్ పైకి 220 డిగ్రీల్లో 20 నిమిషాలు, తర్వాత 190కి తగ్గించి 35–45 నిమిషాలు. మీది పొరకు నాలుగైదు గాట్లు పెట్టండి. గాట్లలోంచి రసం చిక్కగా బుడగలు కట్టడం కనిపిస్తేనే లోపల కార్న్‌ఫ్లోర్ ఉడికినట్టు. అంచులు ముందే ఎర్రబడితే ఫాయిల్ చుట్టండి. మెరుపు కోసం గుడ్డులో చెంచా పాలు కలిపి పూయండి, గుడ్డు తినని ఇళ్లలో పలచటి మీగడ పూసి కాస్త పంచదార చల్లితే సరి.

ఓటీజీలో (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) పైనా కిందా ఉన్న రెండు కడ్డీలూ వెలిగించి, పళ్లేన్ని కింది అరలో పెట్టండి. చాలా ఓటీజీల్లో గుండ్రటి మీట చూపించే వేడికీ, లోపల ఉన్న వేడికీ 20 డిగ్రీల తేడా మామూలే. ఓవెన్ థర్మామీటరు ఒకటి లోపల వేలాడదీస్తే ఈ అయోమయం పోతుంది. 15–20 నిమిషాలు ముందే వేడి చేయండి. అడుగు బాగా కాలడానికి పిడి లేని ఇనుప పెనాన్ని కూడా లోపలే వేడెక్కనిచ్చి, మెటల్ పళ్లేన్ని దాని మీద పెట్టండి. గాజు పళ్లేన్ని మాత్రం అలా పెట్టకండి. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ఫ్యాన్ గాలికి మీది భాగం త్వరగా ఎర్రబడి అడుగు తెల్లగా మిగులుతుంది. అందులో వేడి 10–15 డిగ్రీలు తగ్గించి, ఎక్కువసేపు కాల్చాలి. మెటల్ పళ్లెం కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే, అదీ మీ ఓవెన్ పుస్తకం ఒప్పుకుంటేనే.

తేడా వస్తే

అడుగు పచ్చిగా, తడిగా ఉండటం అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు. వేడి ఫిల్లింగ్ పోశారా? అది బటర్‌ను ఓవెన్‌కి ముందే కరిగించేస్తుంది, ఫిల్లింగ్ ఎప్పుడూ పూర్తిగా చల్లారాలి. పండు రసం ఎక్కువా? ముక్కలకు పంచదార కలిపి అరగంట ఉంచి, ఊరిన రసాన్ని విడిగా మరిగించి చిక్కబరిచి కలపండి. రెండూ కాకపోతే కింది వేడి చాలలేదు, లేదా తొందరగా తీసేశారు. మీది పొర బంగారు రంగుకి రాగానే తీసేయడం చాలామంది చేసే పని. అప్పటికి అడుగు ఇంకా సగంలోనే ఉంటుంది.

క్రస్ట్ కుదించుకుపోతే పిండికి విశ్రాంతి చాలలేదు, లేదా పరిచేటప్పుడు లాగారు. గట్టిగా, నమిలితే సాగుతూ ఉంటే నీళ్లో పిసుకుడో ఎక్కువైంది. ఇసుకలా రాలితే నీళ్లు తక్కువ, లేదా బటర్ మొత్తం రవ్వలా కలిసిపోయింది. పళ్లెంలో బటర్ మడుగు కట్టి, క్రస్ట్ వేగినట్టు కనిపిస్తే పిండి వెచ్చబడ్డాక లోపల పెట్టారు, లేదా ఓవెన్ సరిగ్గా వేడెక్కలేదు. అలా కారడం మొదలైతే తీసేయకండి, వేడి 10 డిగ్రీలు పెంచి కానివ్వండి. అంచు డిజైన్ చెరిగిపోతే తప్పు మీ వేళ్లది కాదు, ఓవెన్‌లో పెట్టేముందు పావుగంట ఫ్రీజర్‌లో పెట్టకపోవడం.

లోపలికి ఏం పెట్టాలి

యాపిల్ అయితే 900 గ్రాముల ముక్కలకు 100–120 గ్రాముల పంచదార, 2 టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్, దాల్చినచెక్క పొడి. మన దగ్గర ఎక్కువగా దొరికే ఎర్ర డెలిషియస్ రకం త్వరగా మెత్తబడుతుంది, పులుపు కూడా ఉండదు. నిమ్మరసం 2 చెంచాలు తప్పనిసరి, సగం పచ్చ గ్రానీ స్మిత్ కలిపితే ఇంకా బాగుంటుంది. వేసవిలో దోరగా ఉన్న కలెక్టర్ మామిడి ఈ పనికి బంగినపల్లి కన్నా మేలు: కండ గట్టిది, పులుపుంది, ఓవెన్‌లో ముక్క నిలుస్తుంది. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్‌కి గుమ్మడికాయ పై చేసేవాళ్లు 425 గ్రాముల డబ్బా గుజ్జుకు ఒక్క అడుగు పొర చాలని లెక్క వేసుకోవచ్చు. చికెన్, పుట్టగొడుగుల కూరలు పెట్టాలంటే గ్రేవీ గరిటెకు అంటుకునేంత చిక్కగా ఉండాలి.

పండ్ల పైని ఓవెన్‌లోంచి తీశాక కనీసం 3 గంటలు కోయకండి, రసం చిక్కబడేది అప్పుడే. వాన రోజుల్లో క్రస్ట్ రెండో రోజుకే మెత్తబడుతుంది. తినేముందు 160 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మాత్రం లోపలి తడి ఆవిరై క్రస్ట్‌కి పట్టి, మెత్తగా చల్లబడ్డ పూరీలా సాగుతుంది. కత్తిరించగా మిగిలిన అంచుల్ని ముద్ద చేయకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి ఒత్తి, పంచదార చల్లి అదే ఓవెన్‌లో పావుగంట కాల్చుకోండి.